మైక్రోరియాక్టర్లతో అతివేగ రసాయన చర్యల అదుపు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాసెస్ ఆర్ అండ్ డిలో కొత్తగా చేరిన పిల్లలు, ప్లాంట్‌లో షిఫ్టులు చేసే మిత్రులు, ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వచ్చే విద్యార్థులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. మైక్రోరియాక్టర్ అంటే సన్నటి గొట్టంలో ద్రవాలు ప్రవహిస్తూనే చర్య జరిగే రియాక్టర్. ఇలా ప్రవాహంలో చేసే ఫ్లో కెమిస్ట్రీ మొత్తం గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు. సెకనులోపే, ఒక్కోసారి సెకనులో వెయ్యో వంతులోపే ముగిసిపోయే చర్యల దగ్గరే ఉంటాను. మైక్రోరియాక్టర్ అసలైన బలం తెలిసేది అక్కడే అని నా నమ్మకం.

చర్య ఎంత వేగంగా జరిగితే అంత మంచిది కదా, అదుపు దేనికి?

ఉప్మాకి మరుగుతున్న నీళ్లలో రవ్వంతా ఒక్కసారే గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. నీళ్లు గింజ గింజకూ చేరేలోపే ఉండ పైభాగం ఉడికి జిగురై, లోపలికి తడి వెళ్లకుండా అడ్డుపడుతుంది. విరిచి చూస్తే లోపల పొడి రవ్వే. కలవడం కంటే ఉడకడం ముందు జరిగింది, అంతే.

వేగమైన రసాయన చర్యలోనూ ఇదే జరుగుతుంది. రియాక్టర్‌లో ఒక ద్రావణం ఉంది, పైనుంచి రెండోది చుక్కలుగా పడుతోంది. స్టిరర్ ఎంత తిప్పినా ఆ చుక్క పూర్తిగా కలవడానికి కొంత సమయం పడుతుంది, పెద్ద రియాక్టర్‌లో అయితే సెకన్లు. చర్యకు మిల్లీసెకన్లు చాలు. కాబట్టి చుక్క పడిన చోటే, దాని అంచుల్లోనే చర్య అయిపోతుంది. ఆ చిన్న ప్రాంతంలో ఒక రియాజెంట్ ఎక్కువ, రెండోది తక్కువ. వేడి కూడా అక్కడే పోగవుతుంది. మనం కాగితం మీద రాసుకున్న ఒకటికి ఒకటి నిష్పత్తి రియాక్టర్ మొత్తానికి నిజమే గానీ చర్య జరిగే చోట ఆ నిష్పత్తి లేదు.

అందుకే ఇన్నేళ్లూ మనం చేసిన పని ఒక్కటే: చర్యను నెమ్మది చేయడం. మైనస్ 78 డిగ్రీలకు చల్లార్చడం, పలచన చేయడం, గంటల తరబడి చుక్కలుగా డోసింగ్ చేయడం. మైక్రోరియాక్టర్ దీన్ని తిరగేస్తుంది. చర్యను దాని వేగానికి వదిలేసి, కలపడాన్ని దానికంటే వేగంగా చేస్తుంది.

మైక్రోరియాక్టర్ చూడడానికి ఎలా ఉంటుంది?

చాలామంది చిప్ లాంటిదేదో ఊహించుకుంటారు. అలాంటివీ ఉన్నాయి: గాజులో, సిలికాన్‌లో, స్టీల్‌లో చెక్కిన సన్నటి కాలువలు. కానీ ల్యాబుల్లో ఎక్కువగా కనిపించేది ఇంకా సాదాసీదాగా ఉంటుంది. పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు రంధ్రం ఉన్న, ఇంగ్లీషు T అక్షరం ఆకారంలోని ఒక స్టీల్ టీ ముక్క, దాని రెండు చేతులకు రెండు పంపులు, మూడో చేతికి సన్నటి గొట్టం. ఇదంతా చల్లటి స్నానంలో మునిగి ఉంటుంది. గొట్టం చివర క్వెంచ్ కోసం, అంటే చర్యను ఆపేసే ద్రవం కలపడానికి, ఇంకో టీ. మొదటిసారి చూసినవాళ్లు “ఇంతేనా?” అంటారు. ఇంతే.

సన్నటి గొట్టంలో రెండు ద్రావణాలు ఎందుకంత త్వరగా కలుస్తాయి?

ఇక్కడ ఒక అపోహ ఉంది, ముందు దాన్ని తీసేయాలి. సన్నగా ఉన్నంత మాత్రాన మిల్లీసెకన్లలో కలవదు. లెక్క వేసి చూడండి. మామూలు ద్రావణుల్లో చిన్న అణువు వ్యాపన గుణకం సెకనుకు సుమారు వెయ్యో వంతు చదరపు మిల్లీమీటరు... అని చెబితే ఎవరికీ గుర్తుండదు గానీ, దాని ఫలితం మాత్రం గుర్తుంచుకోవాలి. అణువు తనంతట తాను 1 మిల్లీమీటరు దూరం వ్యాపించడానికి 8 నిమిషాల పైన పడుతుంది. 100 మైక్రాన్లకు సుమారు 5 సెకన్లు. 10 మైక్రాన్లకు సెకనులో ఇరవయ్యో వంతు. దూరం పదో వంతు అయితే సమయం వందో వంతు అవుతుంది. రహస్యమంతా ఈ వర్గ సంబంధంలోనే ఉంది.

అంటే 250 మైక్రాన్ల గొట్టంలో రెండు ప్రవాహాలు పక్కపక్కనే ప్రశాంతంగా పోతుంటే అవి కలవడానికి సెకన్లే పడుతుంది. కాబట్టి ఆ పొరల్ని ఇంకా పలచన చేయాలి. దీనికి రెండు దారులున్నాయి. జర్మనీలో మైన్జ్ నగరంలోని మైక్రోటెక్నాలజీ సంస్థ ఐఎంఎం చేసిన మిక్సర్లలో రెండు చేతుల వేళ్లు ఒకదానిలోకి ఒకటి దూర్చినట్టు కాలువలుంటాయి. రెండు ద్రావణాలు పదుల మైక్రాన్ల మందం ఉన్న పొరలుగా, ఒకటి విడిచి ఒకటి బయటికి వస్తాయి. రెండో దారి మామూలు టీ ముక్కలోనే రెండు ప్రవాహాలనూ గట్టిగా ఎదురెదురుగా ఢీకొట్టించడం. వేగం చాలినంత ఉంటే అక్కడ సుడులు పుట్టి ఒక ద్రవాన్ని ఇంకొకటి చుట్టేసుకుంటుంది, పొరలు తీగలై సాగి పలచబడతాయి. ఆ తర్వాత మిగిలిన కొద్ది దూరం వ్యాపనం చూసుకుంటుంది.

కలిపే తీరు మారితే ఈల్డ్ (ఉత్పత్తి దిగుబడి) అంతగా మారుతుందా? నమ్మడం కష్టంగా ఉంది.

నేనూ మొదట నమ్మలేదు. క్యోటో విశ్వవిద్యాలయంలో జున్ ఇచి యోషిదా బృందం చేసిన ఒక ప్రయోగం చూశాక నా అభిప్రాయం మారింది. ట్రైమెథాక్సీ బెంజీన్‌కి ఒక ఎన్ ఎసైల్ ఇమినియం అయాన్‌ను మైనస్ 78 డిగ్రీల దగ్గర కలిపారు. రెండూ సమాన మోల్స్. మామూలు ఫ్లాస్కులో చేస్తే ఒక్కసారి తగిలిన ఉత్పత్తి 37 శాతం, రెండుసార్లు తగిలినది 32 శాతం. అవే ద్రావణాలను అదే ఉష్ణోగ్రతలో మైక్రోమిక్సర్‌లో కలిపితే 92 శాతం, 4 శాతం.

రియాజెంట్ మారలేదు, ఉత్ప్రేరకం మారలేదు. ఫ్లాస్కులో ఇమినియం చుక్క అంచున బెంజీన్ అయిపోయింది, కానీ అప్పుడే తయారైన ఉత్పత్తి పక్కనే ఉంది. తాజా బెంజీన్ వచ్చేలోపు ఇమినియం ఆ ఉత్పత్తినే పట్టుకుంది. ఎంపిక చేసింది రసాయనం కాదు, కలవడంలో జరిగిన ఆలస్యం. మన ఇంప్యూరిటీ ప్రొఫైల్‌లో “డైమర్”, “బిస్ ఇంప్యూరిటీ” అని రాసుకునే వాటిలో కొన్నయినా ఇలా పుట్టినవే కావచ్చు. ఏదైనా చర్యలో స్టిరర్ వేగం మార్చగానే ఇంప్యూరిటీ పెరగడమో తగ్గడమో జరిగితే, అక్కడ కలపడమే ఫలితాన్ని నిర్ణయిస్తోందని అనుమానించాలి. ఖర్చులేని పరీక్ష అది, ఏ ఫ్లో పరికరమూ కొనకముందే చేయవచ్చు.

వేడి సంగతి?

ఇరానీ హోటల్లో టీ సాసర్‌లో పోసుకుని తాగేవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కప్పులో పొగలు కక్కే టీ సాసర్‌లోకి వచ్చేసరికి నిమిషంలో తాగేలా అవుతుంది. టీ అంతే ఉంది, బయటికి తెరుచుకున్న వైశాల్యం పెరిగింది.

5 వేల లీటర్ల గ్లాస్‌లైన్డ్ రియాక్టర్‌లో ఒక్కో ఘనమీటరు ద్రవానికి జాకెట్‌ను తాకే వైశాల్యం మహా అయితే మూడు నాలుగు చదరపు మీటర్లు. అర మిల్లీమీటరు గొట్టంలో అదే ఘనమీటరు లెక్కకు 8 వేల చదరపు మీటర్లు. తేడా రెండు వేల రెట్ల దాకా ఉంది.

ఇంకో లెక్క. మోలుకు 200 కిలోజౌల్స్ వేడి వదిలే చర్య టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో లీటరుకు ఒక మోలు గాఢతతో జరిగిందనుకోండి. వేడి ఎటూ పోకపోతే ద్రావణం సుమారు 130 డిగ్రీలు ఎగబాకుతుంది. టీహెచ్‌ఎఫ్ మరిగేది 66 డిగ్రీల దగ్గర. అందుకే ప్లాంట్‌లో ఆ డోసింగ్ ఎనిమిది గంటలు సాగుతుంది, ఆపరేటర్ కళ్లు టెంపరేచర్ ఇండికేటర్ మీదే ఉంటాయి. ఆ టెన్షన్ ఎలాంటిదో నైట్ షిఫ్ట్ చేసినవాళ్లకే తెలుసు.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. చర్య మిల్లీసెకన్లలో అయిపోతే, గొట్టం సన్నదైనా ఆ క్షణంలో పుట్టిన వేడంతా గోడకు చేరదు. టీ దాటిన వెంటనే కాసేపు ద్రవం వేడెక్కుతుంది. అందుకే గాఢత తగ్గించడం, ముందే రెండు ద్రావణాలనూ బాగా చల్లార్చి తేవడం, సన్నటి టీ వాడడం ఇప్పటికీ అవసరమే.

ఫ్లాష్ కెమిస్ట్రీ అంటే ఇదేనా?

అవును, ఆ పేరు పెట్టింది పైన చెప్పిన యోషిదా గారే. ఆయన 2019లో కన్నుమూశారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లందరం ఏదో ఒక విధంగా ఆయన చూపిన దారిలోనే నడుస్తున్నాం.

ఆయన ఆలోచనను నేను ఇలా చెప్పుకుంటాను: గొట్టంలో సమయం పొడవుగా మారిపోతుంది. మొదటి టీ దగ్గర ఒక చురుకైన మధ్యస్థం, అంటే చర్య మధ్యలో పుట్టి ఎక్కువసేపు నిలవని పదార్థం, పుడుతుంది. అది ప్రవాహంతో పాటు గొట్టంలో ముందుకు పోతుంది. రెండో టీ దగ్గర దానికి తగిలే రియాజెంట్ సిద్ధంగా ఉంటుంది. ఈ రెండు టీల మధ్య దూరమే ఆ మధ్యస్థం ఆయుష్షు. దూరం తగ్గిస్తే అది పాడయ్యే లోపే పని కానిచ్చేయవచ్చు.

ఫ్లాస్కులో ఇది ఎందుకు కుదరదంటే, మొదటి చుక్కతో పుట్టిన మధ్యస్థం చివరి చుక్క పడేదాకా కూర్చుని ఎదురుచూడాలి. అరగంట డోసింగ్ అయితే అరగంట. అది ఒక్క సెకను బతికే పదార్థమైతే ఇంకేం మిగులుతుంది?

ఆర్థో బ్రోమో ఫినైల్ లిథియం దీనికి మంచి ఉదాహరణ. కాస్త వెచ్చబడితే లిథియం బ్రోమైడ్ వదిలేసి బెంజైన్‌గా మారిపోతుంది. ఫ్లాస్కులో దీన్ని నిలబెట్టాలంటే మైనస్ 100 డిగ్రీల కిందికి వెళ్లాలి. 2007లో యోషిదా బృందం దీన్ని మైనస్ 78 దగ్గర 0.8 సెకన్లలో తయారుచేసి వాడేసింది. ఆ తర్వాత ఇంకా కఠినమైనవి వచ్చాయి. నైట్రో గ్రూపు ఉన్న ఎరైల్ లిథియంను (బెంజీన్ లాంటి వలయానికి లిథియం అతికిన అణువును) మైనస్ 48 దగ్గర 0.06 సెకన్లలో పట్టుకున్నారు. 2011లో అయితే అదే అణువులో కీటోన్ ఉండగా ఎరైల్ లిథియం చేసి 0.003 సెకన్లలో వాడుకున్నారు. ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇది ఎంత ఆశ్చర్యమో తెలుస్తుంది. ఆర్గానో లిథియం, కీటోన్ ఒకే అణువులో ఉంటే ఒకదాన్నొకటి తినేస్తాయని, ముందు కీటోన్‌కు రక్షణ గ్రూపు తొడగాలని మనకు నేర్పారు. ఆ తొడుగు, దాన్ని విప్పే మెట్టు రెండూ అక్కర్లేకుండా పోయాయి.

0.003 సెకన్లను కొలిచేదెలా?

కొలవక్కర్లేదు, లెక్క కడతారు. గొట్టం ఘనపరిమాణాన్ని ప్రవాహ వేగంతో, అంటే నిమిషానికి ఎన్ని మి.లీ. అన్నదానితో, భాగిస్తే చాలు. 250 మైక్రాన్ల రంధ్రం, ఒక సెంటీమీటరు పొడవు ఉన్న గొట్టంలో పట్టేది అర మైక్రోలీటరు. రెండు పంపులూ కలిసి నిమిషానికి 10 మి.లీ. నెడితే ద్రవం దాన్ని 3 మిల్లీసెకన్లలో దాటేస్తుంది. అప్పుడు ద్రవం వేగం సెకనుకు 3 మీటర్ల పైన ఉంటుంది.

కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు ఇక్కడే చెప్పాలి. సమయాన్ని పెంచి చూద్దామని పంపు వేగం తగ్గిస్తారు. వేగం తగ్గగానే టీలో సుడులు చచ్చిపోతాయి, కలవడం దెబ్బతింటుంది. ఈల్డ్ పడిపోతే “మధ్యస్థం అంతసేపు నిలవడం లేదు” అని నోట్‌బుక్‌లో రాసుకుంటారు. నిజానికి రెండు విషయాలు ఒకేసారి మారాయి. పంపు వేగం కదపకండి, గొట్టం ముక్క పొడవు మార్చండి. మా ల్యాబ్‌లో సెంటీమీటరు నుంచి రెండు మీటర్ల దాకా కత్తిరించిన గొట్టాలు లేబుల్ వేసి డ్రాయర్‌లో ఉంటాయి. సమయాన్ని, ఉష్ణోగ్రతను అలా ఒక్కొక్కటిగా మారుస్తూ ఈల్డ్‌ను పటంగా గీస్తే, ఆ మధ్యస్థం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ చచ్చిపోతుందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒక చర్య గురించి అంతకంటే నిజాయితీ గల బొమ్మ నాకు ఇంకోటి తెలియదు.

ఇంకా ఎంత తక్కువకు వెళ్లగలిగారు?

2016లో కొరియాలోని పోస్టెక్ విశ్వవిద్యాలయం, క్యోటో బృందాలు కలిసి 0.33 మిల్లీసెకన్లకు వెళ్లాయి. పాలీఇమైడ్ ఫిల్ముల్ని పొరలుగా అతికించి, అందులో మెలికలు తిరిగే కాలువ చేశారు. దానితో వాళ్లు ఓడించింది ఫ్రైస్ పునర్విన్యాసాన్ని. ఎరైల్ లిథియం పక్కనే కార్బమేట్ లాంటి గ్రూపు ఉంటే, అది లిథియం ఉన్న కార్బన్ మీదికి దూకుతుంది. ఆ దూకుడు అణువు లోపలే జరుగుతుంది కాబట్టి దాన్ని మించడం అసాధ్యమనే అందరూ అనుకున్నారు. దూకేలోపే బయటి రియాజెంట్‌ను అందించి దాన్ని గెలిచారు. సైన్స్ పత్రికలో వచ్చింది.

మైనస్ 78 అక్కర్లేదంటే నమ్మవచ్చా?

చాలా సందర్భాల్లో నమ్మవచ్చు. ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్‌గానో కీటోన్‌గానో మార్చే స్వెర్న్ ఆక్సీకరణ కెమిస్టులందరికీ తెలిసినదే. డీఎంఎస్ఓ అనే ద్రావణిని చురుకు చేసిన మధ్యస్థం వెచ్చగా ఉంటే పాడైపోతుందని ఫ్లాస్కులో మైనస్ 50 కిందే చేస్తారు. 2005లో ఆ మధ్యస్థానికి 0.01 సెకను మాత్రమే ఇచ్చి, గది ఉష్ణోగ్రతలోనే చర్యను నడిపించారు. చలి అవసరమైంది మధ్యస్థం ఎదురుచూడాల్సి వచ్చినందుకే. ఎదురుచూపు పోతే చలితో పనేముంది?

ప్లాంట్ లెక్కల్లో ఇది చిన్న విషయం కాదు. లిక్విడ్ నైట్రోజన్‌తో నడిచే క్రయోజెనిక్ రియాక్టర్ కట్టడం, నడపడం రెండూ భారమే. మైనస్ 20 డిగ్రీల బ్రైన్ (చల్లార్చే ఉప్పునీరు) చాలా ప్లాంట్లలో ఎలాగూ ఉంటుంది.

దీంతో ప్రమాదాలు ఆగిపోతాయా?

కొన్ని. అన్నీ ఆగిపోతాయని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

నైట్రేషన్‌తో మొదలుపెడదాం. 1864లో స్టాక్‌హోమ్‌లో నైట్రోగ్లిజరిన్ పేలి చనిపోయినవాళ్లలో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ తమ్ముడు ఎమిల్ ఉన్నాడు. తర్వాతి కాలంలో స్కాట్లండ్‌లోని ఆర్డీర్ ఫ్యాక్టరీలో థర్మామీటర్ చూస్తూ కూర్చునే పనివాడికి ఒంటికాలు స్టూల్ ఇచ్చేవారు. కునుకు పడితే స్టూల్ ఒరిగి మెలకువ వస్తుంది. ఒక మనిషి కునుకు మీద అన్ని ప్రాణాలు ఆధారపడే పరిస్థితి. గొట్టంలో నైట్రేషన్ చేస్తే ఏ క్షణాన చూసినా లోపల ఉండేది కొన్ని మిల్లీలీటర్లు. పంపు ఆపితే కొత్తది రాదు, ఉన్నది చల్లబడుతుంది. ఈ కారణంతోనే నైట్రేషన్లు, డయజో చర్యలు, అజైడ్లు ఫ్లోకి ముందుగా వచ్చాయి.

ఇక రెండో వైపు. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీక్‌ను మనం మరచిపోలేం. అక్కడ వేడెక్కింది రియాక్టర్ కాదు, నిల్వ ట్యాంకు. స్టైరీన్ తనలో తాను పాలిమర్‌గా మారుతూ వేడి పుట్టించుకుంది. ఇలాంటి చోట మైక్రోరియాక్టర్ చేయగలిగింది ఏమీ లేదు. మీ ఫ్లో స్కిడ్ లోపల 20 మి.లీ.యే ఉండవచ్చు, పక్కన ఫీడ్ ట్యాంకులో బ్యూటైల్ లిథియం 200 లీటర్లు ఉంటే ప్రమాదం అక్కడే ఉంది. సేఫ్టీ రివ్యూలో నేను మొదట అడిగేది రియాక్టర్ గురించి కాదు, ఫీడ్ గురించి, క్వెంచ్ పాత్ర గురించి, పంపు ఒకటే ఆగిపోతే ఏమవుతుందన్న దాని గురించి.

గొట్టం చోక్ అయిపోదా?

అవుతుంది. ఈ పనిలో ఏడిపించేది ఇదొక్కటే.

నా మొదటి ప్రాజెక్టులో పదిహేను నిమిషాలకోసారి ప్రెజర్ పెరిగి పంపు ట్రిప్ అయ్యేది. వారం రోజులు టీలు మార్చాం, గొట్టాలు మార్చాం. చివరికి దొరికింది టీహెచ్‌ఎఫ్‌లో తేమ. బ్యూటైల్ లిథియం ఆ నీటిని పట్టుకుని లిథియం హైడ్రాక్సైడ్‌గా, తెల్లటి మెత్తటి గుజ్జుగా టీ మూతి దగ్గర పేరుకుంటోంది. ఫ్లాస్కులో అయితే ఆ కాస్త మబ్బు ఎవరికీ కనబడదు, ఎవరూ పట్టించుకోరు. పావు మిల్లీమీటరు రంధ్రానికి అదే గోడ. ఆ రోజు నుంచి నీటి శాతం చూడనిదే పంపు ఆన్ చేయను.

రంధ్రం సగమైతే అదే ప్రవాహానికి ప్రెజర్ పదహారు రెట్లు అవుతుంది. గోడకు పట్టిన పలచటి పొర కూడా అందుకే అంత గట్టిగా తెలుస్తుంది. ప్రెజర్ రికార్డును చూస్తుంటే చోక్ వచ్చే ముందే గీత మెల్లగా పైకి వంగుతుంది. అప్పుడే శుద్ధమైన ద్రావణికి మార్చి కడిగేస్తే రోజంతా నడుస్తుంది. లవణం అవక్షేపించే చర్య అయితే అది కరిగే ద్రావణిని వెతకడం, గొట్టాన్ని అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టడం లాంటివి పనిచేస్తాయి. పంపు చెక్ వాల్వుల్లో లవణం ఇరుక్కుంటే ఒకవైపు ప్రవాహం తగ్గిపోతుంది, బయటికి ఏమీ తెలియదు. వాల్వుల్ని విప్పి కడగడం నేర్చుకోని వాళ్లు ఈ పనిలో ఎక్కువ కాలం నిలవలేరు.

పంపు ఏదైనా ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. ఫ్లాస్కులో చివరికి నిష్పత్తి సరిపోతే చాలు. గొట్టంలో ప్రతి మిల్లీసెకనుకూ సరిపోవాలి. పిస్టన్ పంపు కొట్టుకునే ప్రతిసారీ ఒక రియాజెంట్ ఎక్కువ, మరుక్షణం తక్కువ అయితే మిక్సర్ ఎంత మంచిదైనా వృథా. ల్యాబ్‌లో సిరంజి పంపులు, పైలట్‌లో పల్స్ తక్కువ ఉండే పంపులతో పాటు మాస్ ఫ్లో మీటర్లు పెట్టుకోవాలి.

ఎలాంటి చర్యలకు ఇది వద్దు?

ఆరు గంటల రిఫ్లక్స్ కావలసినదాన్ని, ముద్దలా ఘనపదార్థం ఉన్నదాన్ని, బ్యాచ్‌లో 95 శాతం ఈల్డ్‌తో హాయిగా నడుస్తున్నదాన్ని ఫ్లోలోకి లాగకండి. ఫ్యాషన్ కోసం మార్చిన ప్రాసెస్‌లు రెండేళ్లలో మళ్లీ బ్యాచ్‌కే వెళ్లడం చూశాను.

ఇంత చిన్న గొట్టంతో టన్నులెలా వస్తాయి?

లెక్క చూద్దాం. నిమిషానికి 10 మి.లీ., గాఢత లీటరుకు 0.1 మోలు, ఉత్పత్తి అణుభారం 250 అనుకుంటే గంటకు 15 గ్రాములు, రోజంతా ఆగకుండా నడిపితే 360 గ్రాములు. అరచేతిలో పట్టే రియాక్టర్‌కు తక్కువేం కాదు. తొలి దశ క్లినికల్ ట్రయల్స్‌కు కావలసిన ఇంటర్మీడియట్ చాలాసార్లు ఒక వారంలో వచ్చేస్తుంది.

అంతకు మించి కావాలంటే పుస్తకాల్లో చెప్పేది అలాంటి గొట్టాలు వంద పక్కపక్కన పెట్టమని. చెప్పినంత తేలిక కాదు. వందలో ఒకటి కాస్త చోక్ అయితే ప్రవాహం మిగతావాటికి మళ్లుతుంది, ఆ ఒక్కదానిలో నిష్పత్తి తప్పుతుంది, కలిసిపోయిన ఉత్పత్తిలో ఆ తేడాను పట్టుకోలేం. అందుకే నా మొగ్గు రెండో దారి వైపు: గొట్టాన్ని కొంచెం లావు చేసి లోపల స్టాటిక్ మిక్సర్ (కదలకుండానే ప్రవాహాన్ని మెలితిప్పి కలిపే అమరిక) పెట్టి, ప్రవాహ వేగం పెంచడం. చర్యకు కావలసినంత వేగంగా కలిస్తే చాలు, అంతకంటే సన్నటి గొట్టం వల్ల ప్రెజర్ తప్ప ఒరిగేది లేదు.

అమెరికా కంపెనీ మెర్క్ ఇదే చేసింది. అల్జీమర్స్ కోసం తయారుచేసిన వెరుబెసెస్టాట్‌లో ఒక ఆర్గానో లిథియం మెట్టు ఉంది. లిథియం వెళ్లి తగలాల్సిన చోట తగిలేలోపే పక్కనున్న ప్రోటాన్ ఊడి దాన్ని చంపేస్తోంది. బ్యాచ్‌లో స్కేలు పెరిగేకొద్దీ కలవడం నెమ్మదించి నష్టం పెరుగుతుంది. స్టాటిక్ మిక్సర్లతో ఫ్లోకి మార్చి పైలట్ స్థాయిలో 100 కిలోల పైన చేశారు. ఆ మందు ట్రయల్స్‌లో పనిచేయలేదు, ఆ కెమిస్ట్రీ మాత్రం నిలబడింది.

మన దగ్గర ఎవరైనా చేస్తున్నారా? రెగ్యులేటర్లు ఒప్పుకుంటారా?

హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో ఫ్లో కెమిస్ట్రీ టెక్నాలజీ హబ్ ఉంది. తెలంగాణ ప్రభుత్వం, డాక్టర్ రెడ్డీస్, లారస్ ల్యాబ్స్ దాని వెనుక ఉన్నాయి. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో అమోల్ కులకర్ణి మైక్రోరియాక్టర్ల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. 2020లో ఇంజనీరింగ్ విభాగంలో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. జీడిమెట్ల, పరవాడ లాంటి చోట్ల ఇంత ప్రాసెస్ అనుభవం పోగుపడి ఉన్న మనకు ఇది ఇంకా ఎక్కువగా రావాల్సింది. ఆగుతున్నది కెమిస్ట్రీ దగ్గర కాదు, ఒకే గదిలో కెమిస్టునూ కెమికల్ ఇంజనీర్‌నూ కూర్చోబెట్టలేకపోవడం దగ్గర. పంపు భాష, అణువు భాష రెండూ తెలిసినవాళ్లు కావాలి.

రెగ్యులేటరీ వైపు భయం అక్కర్లేదు. నిరంతర తయారీ మీద, మందుల నియమాలను దేశాల మధ్య సమన్వయం చేసే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ ఇచ్చిన క్యూ13 మార్గదర్శకం 2022 నవంబరులో ఆమోదం పొందింది. ఆగకుండా నడిచే ప్రాసెస్‌లో “బ్యాచ్” అంటే ఏమిటన్న పాత ప్రశ్నకు అందులో జవాబుంది: ఇంత పరిమాణం అనో, ఇంత సమయం నడిచినది అనో ముందే నిర్వచించుకోవచ్చు.

మా కాలేజీ ల్యాబ్‌లో తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే?

బ్యూటైల్ లిథియంతో మాత్రం మొదలుపెట్టకండి. ద్రావణాలు ఎంత బాగా కలుస్తున్నాయో రంగుతో చెప్పే, నీళ్లతో, ఉప్పులతో చేసే విలెర్మో డుష్‌మన్ పరీక్ష చేయండి. రెండు సిరంజి పంపులు, ఒక టీ, మీటరు టెఫ్లాన్ గొట్టం, స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే చాలు.

ఒక సిరంజిలో పొటాషియం అయొడైడ్, అయొడేట్, బోరేట్ బఫర్. రెండో సిరంజిలో పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం, బోరేట్‌ను పూర్తిగా తటస్థం చేయడానికి చాలనంత తక్కువగా. ఆమ్లం కోసం ఇద్దరు పోటీపడతారు. బోరేట్ దాన్ని దాదాపు తక్షణం మింగేస్తుంది. అయొడైడ్, అయొడేట్ కూడా వేగమే గానీ ఒక అడుగు వెనక. బాగా కలిస్తే ఆమ్లమంతా బోరేట్‌కే పోతుంది, ద్రావణం రంగు లేకుండా బయటికి వస్తుంది. సరిగా కలవకపోతే ఎక్కడో ఒక మూల ఆమ్లం ఎక్కువై అయొడిన్ పుడుతుంది, అది ట్రైఅయొడైడ్‌గా పసుపు రంగు తెస్తుంది. 353 నానోమీటర్ల దగ్గర దాన్ని కొలవండి.

ముందు అదే ద్రావణాల్ని బీకరులో మాగ్నెటిక్ స్టిరర్ మీద కలిపి రంగు చూడండి. తర్వాత టీ గుండా నిమిషానికి 1 మి.లీ., 2, 5, 10 అలా పెంచుతూ ఒక్కో నమూనా తీసి టెస్ట్ ట్యూబుల్లో వరసగా నిలబెట్టండి. వెనక తెల్ల కాగితం పెడితే ఎడమ నుంచి కుడికి పసుపు పలచబడుతూ పోవడం కనిపిస్తుంది. ఏ ట్యూబు దగ్గర రంగు ఇక తగ్గడం ఆగిందో చూసి ఆ ప్రవాహ వేగాన్ని రాసిపెట్టుకోండి. మీ టీతో అసలు చర్య చేసే రోజు పంపుల్ని అంతకంటే కిందికి దించకండి.